బదరీవృక్షము క్రింద

మూలపాఠము: 1 రాజులు 19:1–18



ఏలీయా చరిత్రలో కర్మెలు పర్వతము మన ఆదివారపు బడి పిల్లలకు కంఠస్థము. ఆకాశమునుండి అగ్ని దిగుట, కరవు దినముల తరువాత మనుష్యుని చెయ్యి అంత మేఘము సముద్రమునుండి లేచుట, ప్రవక్త నడుము బిగించుకొని రాజు రథమునకు ముందుగా పరుగెత్తుట, ఇవన్నియు వారు బొమ్మలు గీసి చూపగలరు. ఆ తరువాతి అధ్యాయము వారికి అంతగా తెలియదు. అంతటి జయము పొందినవాడు ఒక స్త్రీ పంపిన బెదిరింపు మాటకు ప్రాణభయముతో పారిపోయెను. బెయేర్షెబాలో తన దాసుని విడిచిపెట్టెను. ఒంటరిగా అరణ్యములోనికి ఒక దినప్రయాణము పోయి, ఒక బదరీవృక్షము క్రింద కూలబడి, ఇక తనకు చాలుననియు, తన ప్రాణము తీసికొనుమనియు దేవుని అడిగెను. మన బైబిలులోని ఈ బదరీవృక్షమనగా మన చెలకల గట్లమీది రేగు చెట్టే. దానికి నీడ తక్కువ, ముళ్లు ఎక్కువ.

అట్లు అడిగినవాడు అవిశ్వాసి కాడని గమనించుడి. యాకోబు తన పత్రికలో (5:17) అతడు మనవంటి స్వభావముగల మనుష్యుడే అని వ్రాసియున్నాడు. కనుక మన సంఘములో ఒక పిల్లవాడు గాని, ఒక ఆడబిడ్డ గాని "నాకు బతకబుద్ధి అయితలేదు" అనినప్పుడు, వీరి విశ్వాసము చల్లారెనని తీర్పు తీర్చుటకు మనకు అధికారము లేదు. గద్దింపుతో మొదలుపెట్టువారు దేవుడు మొదలుపెట్టని చోట మొదలుపెట్టుచున్నారు.

బెంగుళూరులోని నిమ్‌హాన్స్ వైద్య సంస్థవారు 2015–16 సంవత్సరములలో జరిపిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో, 13 మొదలు 17 ఏండ్ల వయస్సు పిల్లలలో నూటికి ఏడుగురికి పైగా ఏదో యొక మానసిక రుగ్మత కలదని తేలెను. ఆ వయస్సువారు మన బడిలో ముప్పదిమంది యుందురనుకొనుడి. వారిలో ఇద్దరు ఆ చెట్టు క్రింద కూర్చున్నవారే యని లెక్క. వారు పాటలు పాడుచునే యుందురు, వాక్యములు అప్పచెప్పుచునే యుందురు. కొండగట్టు చుట్టుపట్ల గ్రామములలో ఎన్ని యిండ్లలో తండ్రి దుబాయిలోనో మస్కటులోనో యున్నాడు! తల్లి బీడీలు చేయుచు వారపు సంఘము అప్పు కట్టుచున్నది. పిల్లవాడు పట్నపు హాస్టలులో నున్నాడు. ఆ యింటివారందరి ఆశయు అతని మార్కుల కాగితము మీదనే వ్రేలాడుచున్నది. అంత బరువును పదునేడేండ్ల వాని వీపు మోయునా?

2019వ సంవత్సరము మనలో ఎవరును మరచియుండరు. ఆ యేట ఏప్రిల్ 18న ఇంటర్మీడియట్ ఫలితములు వెలువడెను. మూడు లక్షలకు పైగా విద్యార్థులు తప్పిరి. ఫలితములలో పొరపాట్లు కలవని రాష్ట్రమంతట గగ్గోలు పుట్టెను. గోదావరి కవతల, మంచిర్యాల జిల్లా జన్నారములో చదివిన ఒక బాలికకు తెలుగులో సున్న వచ్చెను. మొదటి సంవత్సరములో ఆ బిడ్డ మంచి మార్కులు తెచ్చుకొన్నది. మరల చూడగా ఆమెకు వచ్చినవి 99. తప్పినవారందరి జవాబు పత్రములను రుసుము లేకుండ మరల పరిశీలింప ప్రభుత్వము ఆజ్ఞాపించగా, వెయ్యిమందికి పైగా ఉత్తీర్ణులైరి. కాని ఆ లెక్క సరిచేయబడకముందే రాష్ట్రములో ఇరువదిమందికి పైగా బిడ్డలు ప్రాణములు విడిచిరి. ఒక్క కారణముచేతనే ఎవరును అట్లు చేయరని వైద్యులు చెప్పుదురు. ఫలితము కడపటి బరువు మాత్రమే, దాని క్రింద ఎన్నో యుండును. అయినను ఆ బిడ్డల తలిదండ్రులను తలచుకొనుడి.

ఈ సంగతినుండి కొందరు త్వరపడి ఒక పాఠము తీయుదురు: "మార్కులు తప్పు కావచ్చును, బాధపడకు." అది పాఠము కాదు. మరల పరిశీలించిన తరువాత కూడ తప్పినవారే ఎక్కువమంది. నిజముగా తప్పిన బిడ్డకు కూడ చెప్పదగిన మాట మనయొద్ద నుండవలెను. జన్నారపు సున్న 99 కాకపోయి, సున్నగానే నిలిచియున్నను, ఆ బిడ్డ ప్రాణము విలువలో ఒక్క గింజయైనను తగ్గియుండెడిది కాదు.

ఆ దినములలో అందరు అనిన మాట, పిల్లలకు ఆశావాదము నేర్పవలెనని. మంచి మాటయే. అయితే లేఖనములలో రెండు విధములైన ఆశ కనబడుచున్నది, ఆ రెంటిని కలిపివేయరాదు. యిర్మీయా 28వ అధ్యాయములో హనన్యా అను ప్రవక్త కలడు. బబులోను కాడి రెండేండ్లలో విరుగును, పోయిన ఉపకరణములన్నియు తిరిగి వచ్చునని దేవాలయములో జనులందరి యెదుట పలికి, యిర్మీయా మెడమీది కాడిని తీసి విరుగగొట్టెను. వినువారికి ఎంత సంతోషము! యిర్మీయా కూడ ఆమేన్ అనెను, అట్లే జరుగునుగాక అనెను. కాని అది అబద్ధము. తరువాతి అధ్యాయములో యిర్మీయా చెరలోనివారికి ఉత్తరము వ్రాసెను: డెబ్బది సంవత్సరములు పట్టును, ఇండ్లు కట్టుకొనుడి, తోటలు నాటుడి, వాటి ఫలములు తినుడి, పిల్లలకు పెండ్లిండ్లు చేయుడి, మీరున్న పట్టణము క్షేమముకొరకు ప్రార్థించుడి. మన యిండ్లలో క్యాలెండర్ల మీద ఆ అధ్యాయపు 11వ వచనము అచ్చువేసియుండును. డెబ్బది ఏండ్ల మాటగల 10వ వచనము ఏ క్యాలెండరు మీదను నేను చూడలేదు.

"ఏం కాదు, అంతా మంచిగైతది" అని పిల్లవాని వీపు తట్టుట హనన్యా ఆశ. అది రెండేండ్ల వరకు మాత్రమే నిలుచును. గడువు దాటి ఏమియు జరుగకపోయినప్పుడు పిల్లవాడు మన మాటను మాత్రమే గాక దేవుని మాటను కూడ నమ్మడు. యిర్మీయా ఆశ వేరు. పట్టణమును శత్రువు ముట్టడించియుండగా, తాను చెరసాలలో నుండగా, అతడు అనాతోతులోని పొలమును పదునేడు తులముల వెండి తూచి యిచ్చి కొనెను. సాక్షులచేత చేవ్రాలు చేయించి, ఆ పత్రములు బహు దినములుండునట్లు మట్టికుండలో పెట్టించెను (యిర్మీయా 32). భూమి కొనుగోలు అనిన మనకు తెలియును. శత్రువు చేతికి పోవుచున్న భూమికి ఎవడు పట్టా చేయించుకొనును? అతడు రేపటి దినమును గూర్చి అబద్ధమాడలేదు. ఆ చీకటిని ఉన్నదున్నట్లు చెప్పెను, ఆ చీకటిలోనే ఒక చిన్న పని చేసెను.

కొన్ని దుఃఖముల యెదుట అయితే ఏ ఆశ మాటయు వెంటనే పలుకరాదు. 2018 సెప్టెంబరు 11న మన కొండగట్టు ఘాటు దారిలో ఆర్టీసీ బస్సు లోయలో పడి అరువదిమందికి పైగా చనిపోయిరి. వారిలో ఎక్కువమంది ఈ చుట్టు గ్రామముల కూలినాలి జనమే. ఆ గ్రామములలో తల్లి లేక పెరిగిన పిల్లలు ఇప్పుడు యౌవనస్థులు. అట్టి బిడ్డతో "అంతా మన మేలుకే" అనువాడు యోబు స్నేహితులకంటె హీనుడు. వారైనను మొదటి ఏడు దినములు ఒక్క మాటయు పలుకక అతనితో నేలమీద కూర్చుండిరి. కీర్తనల గ్రంథములో ఇంచుమించు మూడవ వంతు విలాపములే. ఏడ్చుటకు దేవుడు ఇన్ని పాటలు ఇచ్చియుండగా, ఏడ్చు పిల్లవానిని మనము నోరు మూయించుట ఎందుకు?

ఇక ఏలీయాయొద్దకు పోదము. దేవుడు చేసిన మొదటి పని ప్రసంగము కాదు. దూత అతని తట్టి లేపెను. తలాపున నిప్పులమీద కాల్చిన అప్పమును నీళ్ల బుడ్డియు నుండెను. తిని, త్రాగి, మరల పండుకొనెను. దూత మరల వచ్చి, ప్రయాణము నీ శక్తికి మించినదని చెప్పి రెండవసారి తినిపించెను. "నీ శక్తికి మించినది" అను ఆ ఒక్క మాటలో ఎంత దయ కలదు! పరీక్షల దినములలో రాత్రి రెండు గంటల దాక మేల్కొని, టీ నీళ్లతో కడుపు నింపుకొను పిల్లవానికి నిద్రయు, వేడి అన్నమును మొదటి మందు. నిద్రలేని మనస్సు ఎంత మంచి వాక్యమునైనను పట్టుకొనజాలదు.

ఆ తరువాత హోరేబు గుహలో దేవుడు ప్రశ్న అడిగెను, ఇచ్చట నీకేమి పని అని. ఏలీయా తన బాధ చెప్పుకొనెను. దేవుడు రెండవసారి అదే ప్రశ్న అడిగెను. ఏలీయా అక్షరము మార్చక అదే జవాబు చెప్పెను. దేవుడు విసుగుకొనలేదు. మన పిల్లవాడు ఒక్కటే బాధ రెండవసారి చెప్పినయెడల మనము "ఒకసారి చెప్పిన కదా, మళ్ల గదే మాటనా?" అందుము.

ఏలీయా చెప్పిన బాధలో ఒక లెక్క తప్పు కలదు. తానొక్కడే మిగిలెనని అతడు చెప్పెను. కాని అంతకు ముందరి అధ్యాయములోనే (18:13) ఓబద్యా అతనిని కలిసికొని, నూరుమంది ప్రవక్తలను ఏబదేసిమందిగా గుహలలో దాచి అన్నపానములిచ్చి పోషించితినని చెప్పియుండెను. ఏలీయా చెవులార విన్న సంగతియే అది. రేగు చెట్టు క్రింద కూర్చున్నవానికి ఆ నూరుమంది జ్ఞాపకమునకు రాలేదు. నిరాశ కన్నీళ్లు పెట్టించుటయే గాక మన లెక్కలను కూడ చెరిపివేయును. దేవుడు ఆ లెక్కను దిద్దెను: నూరు కాదు, ఏడు వేలమంది మోకాళ్లు వంగనివారు ఇంకను కలరు.

ఈ లెక్క సంగతిని మన కాలపు మనశ్శాస్త్రజ్ఞులు కూడ మరియొక దారిని వచ్చి కనుగొనిరి. 1967లో అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయములో సెలిగ్మన్, మేయర్ అను ఇద్దరు కుక్కలమీద చేసిన ప్రయోగములను గూర్చి వ్రాసిరి. ఏమి చేసినను తప్పించుకొనలేని బాధను కొంతకాలము అనుభవించిన జంతువు, తరువాత దారి తెరచియున్నను లేవక అక్కడనే పండుకొని యుండెను. నిస్సహాయత అట్లు నేర్చుకొనబడునని వారు అప్పుడు తలంచిరి. సుమారు ఏబది ఏండ్ల తరువాత, 2016లో, ఆ ఇద్దరే తమ మాటను దిద్దుకొనిరి: పండుకొనియుండుట నేర్చుకొనినది కాదు, దీర్ఘమైన బాధకు మెదడు సహజముగా చూపు గుణమే అది, నేర్చుకొనవలసినది "నేను చేయు పనివలన కొంతైనను మారును" అను సంగతి. దీని భావము మనకు ముఖ్యము. పిల్లవాడు కూలబడినప్పుడు అది వాని సోమరితనము కాదు, దుర్గుణము కాదు. లేచుటయే నేర్పవలసిన విద్య, అది నేర్పిన వచ్చును.

సెలిగ్మన్ చెప్పినదానిని మన పల్లె మాటలలో చెప్పుదును. కష్టము వచ్చినప్పుడు నిరాశపడు మనస్సు మూడు మాటలనును. "నా బతుకు గింతే" అనునది మొదటిది. ఇది ఎన్నటికిని మారదని దాని అర్థము. "అంతా ఆగమైంది" అనునది రెండవది. ఒక మూల కూలినదానిని ఇల్లంతయు కూలినట్లు చూచును. "నాతోని ఏం కాదు" అనునది మూడవది. తప్పంతయు తన నెత్తిమీదనే వేసికొనును. సరిహద్దు తగవు వచ్చినప్పుడు మనము కేకలు వేయక సర్వేయరును పిలిపించి గొలుసు వేయింతుము కదా? ఈ మాటలకు కూడ గొలుసు వేసి కొలువవలెను. మేనమామ అల్లునియొద్ద కూర్చుండి ఇట్లు అడుగవచ్చును:

"ఏందిరా బిడ్డా, ఏం రాదంటున్నవు? అన్నీ రావా?"

"లెక్కలు పోయినయి మామా."

"ఎన్ని మార్కులు తక్కువైనయి?"

"ఎనిమిది."

"మిగిలినయి?"

"మిగిలినయి పాసైన."

"మళ్ల పరీక్ష ఎప్పుడున్నది?"

"నెలకు."

ఇందులో ఒక్క పొగడ్త మాటయు లేదు, ఒక్క అబద్ధమును లేదు. "అంతా" అనినది ఒక్క పాఠమైనది; "ఎన్నటికి" అనినది ఒక నెల అయినది. ఈ విద్య ఒక్కసారిగా రాదు. మంచి దినములలో, చిన్న నష్టముల యెదుట, కబడ్డీలో ఓడినప్పుడు, మేక తప్పిపోయినప్పుడు అభ్యాసము చేయించినచో పెద్ద దినమున పనికివచ్చును. బడులలో ఇట్టి పాఠములు చెప్పి చూచినవారు పిల్లల దిగులు కొంతమేరకు తగ్గెనని తెలిసికొనిరి. కొంతమేరకే, ఇది సర్వరోగ నివారిణి కాదు. రోమీయులకు వ్రాసిన పత్రిక 5వ అధ్యాయములో పౌలు కూడ నిరీక్షణను మొదటి మెట్టుగా పెట్టలేదు. శ్రమ, దాని తరువాత ఓర్పు, దాని తరువాత పరీక్ష, ఆ తరువాతనే నిరీక్షణ. మన తెలుగు బైబిలులో ఆ "పరీక్ష" అను మాటయే యుండుట మన విద్యార్థులకు నేను తరచుగా చూపుచుందును.

లెక్క దిద్దుటతో పాటు దేవుడు ఏలీయాకు పని యిచ్చెను, తోడును ఇచ్చెను. వచ్చిన దారిని మరలి పొమ్మనెను; హజాయేలును, యెహూను అభిషేకింపుమనెను; ఎలీషాను చేర్చుకొనుమనెను. బెయేర్షెబాలో దాసుని విడిచినవానికి ఇప్పుడు అడుగులో అడుగు వేసి నడచు శిష్యుడు దొరికెను. పని యొక్క మేలు మన తెలంగాణ సంఘములకు మెదకు దేవాలయము చూచిననాటినుండి తెలియును. కరవు కాలమున రెవరెండ్ పాస్నెట్ గారు ఆకలిగొన్నవారికి ఊరక ధాన్యము పంచక, రాళ్లు మోయు పని కల్పించి కూలి యిచ్చిరి. పదేండ్లు సాగిన ఆ పని 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠతో ముగిసెను. కట్టినవారికి కడుపు నిండెను, తల ఎత్తుకొను హక్కును దొరికెను. పరీక్ష తప్పి ఇంటిలో ముడుచుకొని కూర్చున్న బిడ్డకు సంఘములో ఒక పని ఇయ్యుడి. చిన్న పిల్లలకు అక్షరములు నేర్పుట, దీపములు చూచుకొనుట, వృద్ధురాలికి మందులు తెచ్చియిచ్చుట, ఏదైనను సరే. పాసైనవారిచేతనే సాక్ష్యము చెప్పించి కృతజ్ఞతార్పణ పట్టించు ఆచారము కొన్ని సంఘములలో కలదు. రెండవసారి పరీక్షకు కూర్చుండబోవు బిడ్డను కూడ ముందుకు పిలిచి ప్రార్థించుట న్యాయమని నా అభిప్రాయము.

తలిదండ్రులతో ఒక మాట కటువుగా చెప్పవలసియున్నది. పురుగుల మందు డబ్బాను బియ్యపు సంచి ప్రక్కన, అటకమీద ఉంచు అలవాటు మానుడి. తాళము గల పెట్టెలో, ఇంటికి దూరముగా నుంచి, తాళపుచెవి పెద్దవారే ఉంచుకొనుడి. శ్రీలంకలో అత్యంత విషపూరితమైన మందులను 1990వ దశకములో నిషేధించిన తరువాత పదేండ్లలో ఇట్టి మరణములు సగమునకు తగ్గెను. చావు తలంపు చాలమందిలో కొద్ది గంటలలోనే దాటిపోవును. ఆ గంటలు దాటించుట మన పని.

పిల్లవాడు అన్నము మానినను, నిద్ర పోకున్నను, స్నేహితులను విడిచి ఒంటరియైనను, తన కిష్టమైన వస్తువులు ఒకరికొకరికి పంచియిచ్చుచున్నను, తానుండకపోయిన నేమి అనినను, సూటిగా అడుగుడి: "బిడ్డా, చచ్చిపోవాలనిపిస్తున్నదా?" అడిగినందున లేని తలంపు పుట్టునని భయపడకుడి, పుట్టదు, దాచుకొనినది బయటికి వచ్చును. అవునన్నయెడల ఒంటరిగా విడువక జగిత్యాలకో కరీంనగరుకో పెద్ద దవాఖానకు తీసికొనిపొండి. జ్వరమునకు మాత్ర మ్రింగుట అవిశ్వాసము కానప్పుడు మనస్సు జబ్బునకు వైద్యుని చూచుట అవిశ్వాసమెట్లగును? 2022 అక్టోబరు 10న భారత ప్రభుత్వము టెలి మానస్ అను సేవను ప్రారంభించినది. 14416 అను నంబరుకు రాత్రియు పగలును ఖర్చు లేకుండ ఫోను చేయవచ్చును, తెలుగులో మాటలాడుదురు. ఆ నంబరును బైబిలు అట్ట లోపల వ్రాసికొనుడి.

ఫిలిప్పీ చెరసాలలో అర్ధరాత్రి ఆ అధికారి అంతా పోయెనని తలంచి తనకు తాను హాని చేసికొనబోవగా (అపొ. కార్యములు 16:27–28), పౌలు బోధ మొదలుపెట్టలేదు, బిగ్గరగా కేక వేసెను, హాని చేసికొనవద్దని, తామందరు అక్కడనే యున్నామని. అతని లెక్క కూడ తప్పే. ఖైదీలు ఒక్కరును పోలేదు. రక్షణను గూర్చిన ప్రశ్నయు జవాబును ఆ తరువాత వచ్చెను. మొదట కేక, తరువాత దీపము, తరువాత మాట, తరువాత గాయములు కడుగుట, కడపట భోజనపు బల్ల.

ఇంటర్మీడియట్ ఫలితములు వెలువడు దినమున మన ప్రార్థన మందిరపు తలుపులు ఉదయము 8 గంటలనుండి రాత్రి 10 గంటల వరకు తెరచియుండును. స్త్రీల సమాజమువారు అన్నము, పప్పుచారు వండుటకు ఒప్పుకొనిరి. పాసైనవారును తప్పినవారును ఒకే పంక్తిలో కూర్చుందురు. ఎవరి మార్కులు ఎవరును అడుగరాదు. మరల పరీక్షకు రుసుము కట్టవలసినవారి కాగితములు అక్కడనే నింపబడును. మధ్యాహ్నమునకు రాని పిల్లల యిండ్లకు పోవుటకు బండ్లు గల యౌవనస్థులు నలుగురు కావలెను. పేర్లు ఈ ఆదివారము ఆరాధన అయిన వెంటనే సంఘ పెద్దలయొద్ద వ్రాయించుడి.